అమెరికాలో తక్కువ జీతాల వాళ్లకి రిటైర్మెంట్: ముందు మీ రికార్డు చూసుకోండి

చెల్లెమ్మా, తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీ ఆడపడుచు స్పాన్సర్ చేస్తే 2016 చివర్లో గ్రీన్ కార్డు మీద వచ్చారు. మీకు 47, మీ ఆయనకి 52. మీరు కిరాణా షాపులో గంటకి 12 డాలర్లకి, వారానికి 40 గంటలు పనిచేస్తున్నారు. అందులో 20 గంటలకే పన్ను పట్టి రికార్డుకెక్కే చెక్కు, మిగతా 20 గంటలకి రికార్డుకెక్కని క్యాష్. ఆయన మోటెల్ ఫ్రంట్ డెస్క్‌లో 1099 (కాంట్రాక్టర్లకి ఇచ్చే పన్ను ఫారం) మీద చేస్తున్నారు. పొదుపు అంటూ ఏమీ లేదు. మనవాళ్ల ఇళ్లలో 401కె (కంపెనీ ద్వారా పెట్టుకునే రిటైర్మెంట్ పొదుపు) కబుర్లు మొదలైతే ఇద్దరూ మాట్లాడకుండా కూర్చుంటారు. మీతో పనిచేసే నల్లజాతి ఆవిడ, మెక్సికో ఆయన కూడా తమ దగ్గర ఏమీ లేదంటున్నారు. ముసలితనంలో మాకేమైనా వస్తుందా, ఇలా అవడం మా తెలివితక్కువతనమేనా అని అడిగారు.

వస్తుంది. ఎంత వస్తుందన్నది కొంతవరకు ఇప్పటికీ మీ చేతిలోనే ఉంది. నేను పన్నెండేళ్లుగా పన్నుల సీజన్‌లో ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) వాళ్ల వీటా కార్యక్రమం కింద ఉచితంగా రిటర్నులు వేసిపెడుతున్నాను. నా ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమందిది మీ పరిస్థితే. వాళ్లని పొదుపు గురించి అడిగి సిగ్గుపడేలా చేయడం నాకు ఇష్టం ఉండదు. మొదట అడిగేది ఒకటే: మీ సోషల్ సెక్యూరిటీ (జీతం మీద కట్టే పన్నుతో ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) రికార్డు ఎప్పుడైనా చూసుకున్నారా? చాలామంది చూసుకుని ఉండరు. దాన్ని నడిపే ఎస్ఎస్ఏ అనే శాఖ వెబ్‌సైట్‌లో ‘మై సోషల్ సెక్యూరిటీ’ అకౌంట్ తెరిస్తే ఏ ఏడాది మీ పేరు మీద ఎంత సంపాదన నమోదైందో వరుసగా కనబడుతుంది. తక్కువ జీతం మీద బతికే మనిషికి ఈ దేశంలో ఉన్న అతి పెద్ద ఆస్తి ఆ జాబితానే. మిగతావన్నీ దాని తర్వాతే.

అదెలా పనిచేస్తుందో చెప్తాను. పెన్షన్‌కి అర్హత రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. 2025లో ప్రతి 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్ ఇస్తారు. ఏడాదికి నాలుగుకి మించి ఇవ్వరు, అంటే 7,240 డాలర్లు దాటితే ఆ ఏడాదికి నాలుగూ వచ్చేసినట్టే. మీ చెక్కు లెక్క ఏడాదికి 12,480 డాలర్లు. 2017 నుంచి మానకుండా చేస్తున్నానన్నారు కాబట్టి 2025తో కలిపి 36 క్రెడిట్లు ఉండాలి. 2026లో 40 నిండుతాయి. ఇండియాలో మీరు కట్టిన పీఎఫ్ ఏళ్లు ఇక్కడ కలవవు. అలా కలుపుకునే ఒప్పందం అమెరికాకి సుమారు 30 దేశాలతో ఉంది కానీ ఇండియాతో లేదు.

అర్హత వేరు, మొత్తం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘నాకు క్రెడిట్లు వచ్చేస్తున్నాయి, మిగతాది క్యాష్‌లో తీసుకుంటే ఏం పోయింది’ అనుకుంటారు. నెలకి ఎంత వస్తుందో తేల్చేటప్పుడు మీ అత్యధిక సంపాదన ఉన్న 35 ఏళ్లు తీసుకుంటారు. అన్నేళ్లు చేయకపోతే మిగిలిన ఏళ్లకి సున్నాలు వేస్తారు. పాత సంపాదనని తర్వాతి జీతాల పెరుగుదలకి తగ్గట్టు పెంచి, మొత్తం కూడి, 420 నెలలతో భాగిస్తారు. అలా వచ్చిన నెల సగటులో మొదటి 1,226 డాలర్ల మీద 90 శాతం ఇస్తారు. అక్కడినుంచి 7,391 దాకా 32 శాతమే. ఆపైన 15 శాతం. ఇవి 2025లో 62 నిండినవాళ్ల అంకెలు, ఏటా కాస్త మారుతుంటాయి. గమనించారా, మొదటి మెట్టు మీదే ఎక్కువ ఇస్తున్నారు. ఆ 90 శాతం మెట్టు మనలాంటివాళ్ల కోసమే పెట్టింది. క్యాష్ తీసుకున్న ప్రతిసారీ మీరు వదులుకుంటున్నది ఎక్కువగా ఆ మెట్టునే.

మీ లెక్కే వేద్దాం, ఈనాటి డాలర్లలో. ఇప్పటిలాగే సగం చెక్కు, సగం క్యాష్ మీద 67 ఏళ్ల దాకా చేస్తే మీ రికార్డులో 29 ఏళ్లు, ఏడాదికి 12,480 చొప్పున ఉంటాయి. నెలకి సుమారు 775 డాలర్లు వస్తుంది. 2026 నుంచి 40 గంటలూ చెక్కు మీదకి మారిస్తే, పాత తొమ్మిదేళ్లు అలాగే ఉన్నా, నెలకి సుమారు 1,177 వస్తుంది. తేడా 400 డాలర్లు, బతికినన్నాళ్లూ, ధరలు పెరిగిన కొద్దీ పెరుగుతూ. దీనికి మీ జేబులోంచి పోయేది ఎంత? సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి (65 దాటినవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమాకి) 1.45 శాతం, కలిపి ఏడాదికి 955 డాలర్లు. నెలకి 80. ఇరవై ఏళ్లు కట్టింది పెన్షన్ మొదలైన నాలుగేళ్లలో తిరిగొచ్చేస్తుంది. ఇంత లాభం ఇచ్చే స్కీమ్ ఏదైనా మీకు ఎవరైనా చూపించారా? నాకైతే ఎవరూ చూపించలేదు.

నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. 1997లో వచ్చిన కొత్తలో ఒక షాపులో మూడేళ్లు మొత్తం క్యాష్ మీదే చేశాను. ‘పన్ను పోదు కదా, నీకే మంచిది’ అని ఓనర్ చెప్తే సంతోషించాను కూడా. రికార్డు మొదటిసారి చూసుకునేసరికి పదేళ్లు దాటాయి. మూడు సున్నాలు వరసగా నిలబడి ఉన్నాయి. తప్పు సరిచేయించుకోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు, ఆ జీతం వచ్చిన ఏడాది ముగిశాక 3 ఏళ్ల 3 నెలల 15 రోజులు. కొన్ని మినహాయింపులు లేకపోలేదు గానీ, రుజువు కావాలి. నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. అందుకే మీకు చెప్తున్నాను: పే స్టబ్‌లు (జీతం రశీదులు), బ్యాంకులో వేసుకున్న డబ్బు, చివరికి డ్యూటీ షెడ్యూల్ ఫొటో అయినా సరే, దాచిపెట్టుకోండి.

క్యాష్‌గా జీతం ఇవ్వడం నేరం కాదు. రికార్డుకి ఎక్కించకపోవడం తప్పు. చట్టప్రకారం ఆ ఆదాయాన్ని మీరూ చూపించాల్సిందే. ఓనర్‌ని అడిగితే నీళ్లు నములుతాడు, ఎందుకంటే మీరు కట్టినంతే 7.65 శాతం ఆయనా కట్టాలి. ఒకేసారి 40 గంటలకి ఒప్పుకోకపోతే ముందు 30 గంటలు అడగండి. అదీ కాకపోతే, నిజం చెప్పాలంటే, అదే 12 డాలర్లకి ఏదో ఒక పెద్ద చైన్ స్టోర్‌లో పని వెతుక్కోవడం మేలు. మన భాషలో మాట్లాడే ఓనర్ దగ్గర చేయడంలో ఉన్న సుఖం నాకు తెలుసు. ఆ సుఖం ఖరీదు నెలకి 400 డాలర్లని కూడా తెలిసి ఉండాలి. ఇంకో మాట: కాగితం మీద ఆదాయం పెరిగితే మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా), ఆరోగ్య బీమా సబ్సిడీ లాంటివి తగ్గే అవకాశం ఉంది. పిల్లలున్న కొన్ని కుటుంబాలకి ఈఐటీసీ అనే పన్ను రాయితీ పెరగనూవచ్చు. కాబట్టి మారే ముందు ఒకసారి ఎవరిచేతనైనా రెండు విధాలా లెక్క వేయించుకోండి. ఆ భయంతోనే క్యాష్‌లో ఉండిపోయినవాళ్లని చూశాను. చాలాసార్లు ఆ భయం లెక్కకి నిలబడదు.

ఇక మీ ఆయన సంగతి. ఇది మీ సంగతి కంటే చిక్కుది. 1099 అంటే ఆయన్ని ఉద్యోగిగా కాకుండా, సొంత వ్యాపారం చేసుకునే కాంట్రాక్టర్‌గా చూపిస్తున్నారు. అప్పుడు ఓనర్ వాటా, ఆయన వాటా రెండూ ఆయనే కట్టాలి, 15.3 శాతం. ఏ షిఫ్టుకి రావాలో, కౌంటర్ దగ్గర ఎలా నడుచుకోవాలో అంతా ఓనర్ చెప్పినట్టే చేసే ఫ్రంట్ డెస్క్ మనిషి చాలావరకు ఉద్యోగి కిందికే వస్తాడు. ఎస్ఎస్-8 అనే ఫారం పెట్టి ఈయన ఉద్యోగి అవునా కాదా తేల్చమని ఐఆర్ఎస్‌ని అడగవచ్చు. 8919 ఫారంతో ఉద్యోగి వాటా 7.65 శాతం మాత్రమే కట్టి ఆ సంపాదనని రికార్డుకి ఎక్కించుకోవచ్చు. అయితే అది పెట్టాక ఐఆర్ఎస్ ఓనర్‌ని అడుగుతుంది. మోటెల్‌లోనే గది ఇచ్చి ఉంటే ఉద్యోగంతో పాటు ఇల్లూ పోవచ్చు. అందుకని పెట్టండి అని నేను తేలిగ్గా అనలేను. వేరే పని చూసుకుని బయటికొచ్చిన ఏడాది పెట్టినవాళ్లు నాకు తెలుసు. అది తెలివైన పనే.

అసలు ప్రమాదం మాత్రం ఇంకోటి ఉంది. మీరు రాసిన ఒక వాక్యం చదివి ఆగిపోయాను: ‘మా పన్నులాయన ఖర్చులు చూపించి 26,000 ఆదాయాన్ని 9,000కి తగ్గించి ఇచ్చాడు, పన్ను బాగా తగ్గింది.’ నిజంగా చేసిన ఖర్చులైతే సరే. ఫ్రంట్ డెస్క్‌లో నిలబడే మనిషికి 17,000 డాలర్ల ఖర్చు ఎక్కడిది? అది దొరికితే పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టాల్సింది మీరే, ఆ పన్నులాయన కాదు. దొరక్కపోయినా మీ ఆయన పెన్షన్ లెక్కలో ఆ ఏడాది 9,000 కంటే తక్కువే ఎక్కుతుంది. సొంత మోటెళ్లు, షాపులు ఉన్నవాళ్లు కూడా ఇదే చేస్తుంటారు. ముప్ఫై ఏళ్లు ఆదాయం తక్కువ చూపించి, 65 దాటాక పెన్షన్ ఇంతేనా అని ఆశ్చర్యపోతారు. పైగా భార్యాభర్తలిద్దరూ పొద్దస్తమానం షాపులో ఉంటారు, ఆదాయం మొత్తం భర్త పేరు మీదే చూపిస్తారు. భార్య రికార్డు ఖాళీ. రేపు విడాకులైతే, పెళ్లయి పదేళ్లు నిండకపోతే, ఆవిడకి భర్త రికార్డు మీద కూడా ఏమీ రాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇది మా తప్పేనా అన్నది. మీతో పనిచేసే ఆ నల్లజాతి ఆవిడ కథ మీ కథ కంటే చాలా ముందు మొదలైంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సోషల్ సెక్యూరిటీ చట్టం మీద సంతకం పెట్టినప్పుడు పొలం కూలీలనీ, ఇళ్లలో పనిచేసేవాళ్లనీ దానిలోంచి తప్పించారు. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పటి నల్లజాతివాళ్లలో అత్యధికులు చేసింది ఆ రెండు పనులే. బిల్లు చర్చలో ఉండగానే నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ తరఫున చార్లెస్ హ్యూస్టన్ అనే లాయరు సెనెట్ కమిటీ ముందుకెళ్లి, ఇది నల్లవాళ్లలో ఎక్కువమంది జారిపోయేంత కన్నాలున్న జల్లెడలా ఉందని చెప్పాడు. అలా తప్పించడానికి కారణం వివక్షా, లేక ఆ పనివాళ్ల దగ్గర పన్ను వసూలు కష్టమనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. కారణం ఏదైనా జారిపోయినవాళ్లు జారిపోయారు. 1950, 1954 సవరణలతో గానీ వాళ్లలో ఎక్కువమంది లోపలికి రాలేదు. ఇళ్లలో, పొలాల్లో క్యాష్ మీద చేసేవాళ్లకి ఆ కన్నాలు ఇప్పటికీ పూడలేదు. మీ 20 గంటలు జారిపోతున్నదీ అక్కడినుంచే.

పెన్షన్ తర్వాత మామూలు కుటుంబానికి ఉండే ఆస్తి ఇల్లు. 1930ల నుంచి ఫెడరల్ సంస్థలు నల్లజాతివాళ్లు ఉండే పేటలని ఎర్ర రంగుతో గుర్తించి, అప్పు ఇవ్వడానికి పనికిరానివిగా లెక్కేశాయి. ఇళ్ల విషయంలో వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. అప్పటికి ఒక తరం తెల్ల కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని, వాటి విలువ పెరిగి, పిల్లలని చదివించుకున్నాయి. తాత ఇల్లు ఉన్న మనిషికీ, తాత అద్దె రశీదులు మాత్రమే ఉన్న మనిషికీ 401కె బ్రోచర్ ఒకటే ఇచ్చి, ‘ఇద్దరికీ సమాన అవకాశం’ అంటే ఎలా? 2022లో ఫెడరల్ రిజర్వ్ (ఇక్కడి కేంద్ర బ్యాంకు) చేసిన కుటుంబాల ఆర్థిక సర్వేలో తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబాలది 44,900. హిస్పానిక్ కుటుంబాలది సుమారు 61,600. మనల్ని కలిపే ఆసియా వర్గానిది 5,36,000. ఆ చివరి అంకె చూసి మనవాళ్లు ఛాతీ విరుచుకుంటారు. ఆ అంకె వెనక మీరూ మీ ఆయనా కనబడరు. సాఫ్ట్‌వేర్ జీతాల గుంపులో మోటెల్ కౌంటర్లు, గ్యాస్ స్టేషన్ నైట్ షిఫ్టులు కలిసిపోతాయి. సాయం అడగడానికి వెళ్తే ‘మీ ఇండియన్స్‌కి ఏం తక్కువ’ అనే మాట వినాల్సి వచ్చేది అందుకే. మన ఇళ్ల విందుల్లో మీరు నోరెత్తకపోవడానికీ కారణం అదే.

ఇక 401కె. 1978లో పన్ను చట్టంలో చేర్చిన ఒక సెక్షన్ పేరు అది. తర్వాత పదేళ్లలో కంపెనీలు ఇచ్చే పాతకాలపు పెన్షన్ల స్థానాన్ని అదే ఆక్రమించడం మొదలైంది. అది ఉద్యోగం ద్వారా వస్తుంది. చిన్న షాపులు, రెస్టారెంట్లు, మోటెళ్లు చాలావరకు పెట్టవు. నల్లజాతి, హిస్పానిక్ వాళ్లు ఎక్కువగా చేసేవి అలాంటి పనులే. పెట్టినా, పన్ను మినహాయింపు ఎక్కువ పన్ను కట్టేవాడికే ఎక్కువ లాభం. పన్నే లేనివాడికి మినహాయింపు దేనికి? కాబట్టి మీ దగ్గర 401కె లేకపోవడం తెలివితక్కువతనం కాదు. మీరు పనిచేసే చోట ఆ తలుపు లేదు.

మెక్సికో ఆయన సంగతి ఆయన చెబితే తప్ప అడగకండి. కాగితాలు లేనివాళ్లు ఎంతోమంది తమది కాని నంబరు మీద జీతం తీసుకుంటూ సోషల్ సెక్యూరిటీ కడతారు. పేరూ నంబరూ కలవని ఆ సంపాదనలని ఎస్ఎస్ఏ విడిగా ఒక ఖాతాలో పడేస్తుంది. ఆ పన్ను మన పెన్షన్లకి పోతుంది, వాళ్లకి పైసా రాదు.

సరే, పొదుపు. మీకు నెలకి 50 డాలర్లు మిగిలినా మొదట ఎక్కడ పెట్టాలంటే, క్రెడిట్ కార్డు బాకీ ఉంటే అక్కడ. అది తీరాక ఒక నెల అద్దెకి సరిపడా డబ్బు మామూలు సేవింగ్స్‌లో. టైరు పేలితే కార్డు గీకే అవసరం రాకుండా ఉండడమే మీ స్థాయిలో పెద్ద పెట్టుబడి. ఆ తర్వాత రాత్ ఐఆర్ఏ (ఐఆర్ఏ అంటే ఎవరికివారు తెరుచుకునే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, రాత్ అందులో ఒక రకం). దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, మీరు వేసిన అసలు ఎప్పుడైనా, పన్ను గానీ పెనాల్టీ గానీ లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. లాభం మీద మాత్రమే నిబంధనలు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, ఒరెగాన్, న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియా, కొలరాడో లాంటి రాష్ట్రాల్లో ప్లాన్ పెట్టని ఓనర్లు, వాళ్ల పరిమాణాన్ని బట్టి, ఉద్యోగులని ప్రభుత్వం నడిపే ఐఆర్ఏలో చేర్చాలి. ఓనర్ ఒక్క డాలరూ వేయక్కర్లేదు, జీతంలోంచి పట్టి పంపితే చాలు. ఒరెగాన్ 2017లో అందరికంటే ముందు మొదలుపెట్టింది. టెక్సాస్‌లో అలాంటిది లేదు. మీరు ఏ రాష్ట్రమో రాయలేదు. అలాంటి ప్లాన్ లేని చోటైనా ఐఆర్ఏ సొంతంగా తెరుచుకోవచ్చు.

ఇప్పుడు ఉన్న సేవర్స్ క్రెడిట్ ప్రకారం, 2025లో ఇద్దరి ఆదాయం కలిపి 47,500 డాలర్ల లోపు ఉంటే మీరు ఐఆర్ఏలో వేసినదాంట్లో సగం మేరకు పన్ను తగ్గించాలి. వినడానికి బాగుంటుంది. కానీ కట్టాల్సిన పన్ను ఉంటేనే అది తగ్గుతుంది. పన్ను సున్నా అయినవాడికి దక్కేదీ సున్నానే. అవసరం ఉన్నవాడికి అందకుండా ఇంత చక్కగా రాయించిన రాయితీ ఇంకోటి ఉండదేమో. అదృష్టం కొద్దీ 2022 చివర్లో వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం దీన్ని మార్చింది. 2027 నుంచి సేవర్స్ మ్యాచ్ అని వస్తుంది. ఒక్కొక్కరు 2,000 డాలర్ల దాకా వేస్తే అందులో సగం, అంటే 1,000 దాకా, పన్ను ఉన్నా లేకపోయినా ప్రభుత్వమే రిటైర్మెంట్ ఖాతాలో వేస్తుంది. దంపతుల ఆదాయం 41,000 దాకా పూర్తిగా, అక్కడినుంచి 71,000 చేరేసరికి తగ్గుతూ పోయి ఆగిపోతుంది. ఆ డబ్బు మామూలు ఐఆర్ఏలోనే పడాలి, రాత్‌లో పడదు, కాబట్టి ఆలోగా అదీ ఒకటి తెరిచి పెట్టుకోండి. అదే చట్టం ప్రకారం 2025 నుంచి, 401కె ఉన్న కంపెనీలో వరసగా రెండేళ్లు 500 గంటల చొప్పున చేసిన పార్ట్‌టైమ్ వాళ్లకి కూడా అందులో డబ్బు వేసుకునే హక్కు వచ్చింది. పెద్ద స్టోర్‌కి మారమన్నది ఇందుకు కూడా.

మనవాళ్లలో తిరిగే ఒక మనిషి గురించి హెచ్చరించకుండా ఉండలేను. పుట్టినరోజు పార్టీలో పరిచయమై, వారం తిరక్కుండా ఇంటికొచ్చి, ‘మార్కెట్ పడినా మీ డబ్బు పడదు, రిటైర్మెంట్‌లో పన్ను లేని ఆదాయం’ అంటూ ఐయూఎల్ అనే జీవిత బీమా పాలసీ చూపిస్తాడు. మీ ఆదాయానికి అది వద్దు. మొదటి ఏళ్లలో కట్టినదాంట్లో చాలావరకు కమిషన్లకీ, ఖర్చులకీ పోతుంది. రెండు మూడేళ్ల తర్వాత కట్టలేక ఆపేస్తే చేతికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఆయన ఎంత బాగా ‘అక్కా’ అని పిలిచినా సరే. మీ ఆయనకి ఏదైనా జరుగుతుందని భయమైతే, పదిహేనేళ్ల టర్మ్ పాలసీ చవగ్గా వస్తుంది, అది చాలు. చీటీలు కూడా కడుతున్నామన్నారు. ఒకరినొకరు బాగా తెలిసిన పదిమందిలో కట్టేది సరే, వాట్సాప్‌లో తెలిసినవాళ్ల దగ్గర మాత్రం వద్దు.

పెన్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా అడిగారు. 1960 లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకి పూర్తి వయసు 67. 62కే తీసుకుంటే 30 శాతం కోత, బతికినన్నాళ్లూ. 67 తర్వాత ఆగితే ఏడాదికి 8 శాతం చొప్పున 70 దాకా పెరుగుతుంది. పత్రికల్లో రాసేవాళ్లందరూ 70 దాకా ఆగమంటారు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఆ సలహా బాగానే ఉంటుంది. పదిగంటలు నిలబడే మోకాళ్లు ఆగవు. పైగా ఈ దేశంలో డబ్బున్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అత్యంత ధనికులైన ఒక శాతం మగవాళ్లకీ, అత్యంత పేదలైన ఒక శాతం మగవాళ్లకీ ఆయుర్దాయంలో తేడా 14.6 ఏళ్లు తేలింది. ‘అందరూ ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి పెన్షన్ వయసు పెంచుదాం’ అనే రాజకీయ నాయకుల మాట నాకు అందుకే మింగుడుపడదు. పేదవాళ్లకి అది నేరుగా కోతే.

మీ ఇద్దరి విషయంలో నా సలహా ఇది. రికార్డులో ఎవరి సంపాదన ఎక్కువ ఉంటుందో వాళ్లు ఆగగలిగినంత ఆగాలి, రెండోవాళ్లు అవసరాన్ని బట్టి ముందే తీసుకోవచ్చు. ఎందుకంటే ఒకరు పోయాక మిగిలినవాళ్లకి రెండింట్లో పెద్దది వస్తుంది, చిన్నది ఆగిపోతుంది. మీ ఆయన మీకంటే ఐదేళ్లు పెద్ద. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు. ఆయన ఆగడం అంటే ఒకరకంగా మీ వైధవ్యానికి బీమా. ఈ మాట ఆయనతో నెమ్మదిగా చెప్పండి, నేను ఇలా మొహం మీద రాసినట్టు కాదు.

సోషల్ సెక్యూరిటీ దివాలా తీస్తుందనే వార్తలు చూసి అసలు కట్టడమే దండగ అనుకునేవాళ్లున్నారు. 2025 ట్రస్టీల నివేదిక ప్రకారం చట్టం ఏమీ మార్చకపోతే 2033లో వృద్ధాప్య నిధి నిల్వ ఖాళీ అవుతుంది. అప్పుడు కూడా వచ్చే పన్నుతో 77 శాతం చెల్లించగలరు. మీ 1,177లో పావు వంతు కోసినా, క్యాష్ దారిలో వచ్చే 775 కంటే ఎక్కువే. ఆ 775కీ అదే కోత పడుతుందని మర్చిపోకండి.

ఆఖరి ఆసరా ఎస్ఎస్ఐ. 65 దాటి, ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్లకి ఇచ్చేది. 2025లో గరిష్ఠం ఒక్కరికి నెలకి 967 డాలర్లు, దంపతులకి 1,450. ఉంటున్న ఇల్లు, ఒక కారు కాకుండా మీ పేరు మీద ఉన్న ఆస్తి ఒక్కరికైతే 2,000, దంపతులకైతే 3,000 దాటకూడదు. ఆ హద్దు 1989 నుంచి మారలేదు. పేదవాణ్ణి దాచుకోమని చెప్పేదీ ఈ ప్రభుత్వమే, దాచుకుంటే కట్ చేసేదీ ఇదే. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి 1996 చట్టం ప్రకారం 40 క్రెడిట్ల నిబంధన, ఐదేళ్ల నిబంధన, స్పాన్సర్ ఆదాయాన్ని కలిపి చూడడం లాంటివి అడ్డొస్తాయి. పౌరసత్వం వస్తే ఇవి చాలావరకు తొలగిపోతాయి. మీకు 2021 చివరికే అర్హత వచ్చింది. ఇంకా దరఖాస్తు పెట్టలేదంటే ఫీజు గురించే అనుకుంటాను. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఫీజు మాఫీ, తగ్గింపు ఉన్నాయి, అడగండి. అమ్మానాన్నలని ఇక్కడే ఉంచుకున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎస్ఎస్ఐ తీసుకుంటూ వరసగా 30 రోజులు ఇండియాలో ఉంటే అది ఆగిపోతుంది. తిరిగొచ్చి 30 రోజులు గడిచాకే మళ్లీ మొదలవుతుంది.

మెడికేర్ విషయంలోనూ ఆ 40 క్రెడిట్లే లెక్క. అవి ఉంటే ఆసుపత్రి భాగానికి నెలవారీ ప్రీమియం ఉండదు. లేకపోతే 2025లో నెలకి 518 డాలర్ల దాకా కట్టాలి. ఒకరికి ఉంటే భార్యకో భర్తకో కూడా వర్తిస్తుంది. డాక్టర్ల భాగానికి ప్రీమియం అందరూ కట్టాలి, 2025లో అది మామూలుగా నెలకి 185 డాలర్లు. ఆదాయం తక్కువ ఉంటే రాష్ట్రమే ఆ ప్రీమియం కట్టే మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వరు.

ఈ వారం రెండు పనులు చేయండి. ఇద్దరూ అకౌంట్లు తెరిచి, 2017 నుంచి ఏ ఏడాది ఎంత ఎక్కిందో ఒక కాగితం మీద రాసుకోండి. మీ డబ్ల్యూ-2లు (ఓనర్ ఏటా ఇచ్చే జీతం లెక్క కాగితాలు), ఆయన 1099లు, వేసిన రిటర్నులు పక్కన పెట్టుకుని పోల్చండి. ఎక్కడైనా తేడా ఉంటే, ముఖ్యంగా 2022 తర్వాతి ఏళ్లలో, గడువు ఇంకా ఉంది. ఆయన రిటర్నులో షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారం) చివర్లో నికర లాభం అని ఒక లైను ఉంటుంది. గత మూడేళ్లవీ అక్కడ ఏ అంకె ఉందో, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఇక్కడ రాయండి. పాత రిటర్నులు సవరించాలా వద్దా అన్నది అవి చూశాక చెప్తాను. సోషల్ సెక్యూరిటీ నంబర్లు మాత్రం ఎవరికీ, నాకు కూడా, పంపకండి.